దూదిలో చుట్టిన వాల్వు

కిందటి వారం మనం ఆ ముందుగదిని వదిలి వచ్చేసరికి దుకాణం ఆవిడ సోఫాలో కూర్చుని, తను తెచ్చుకున్న గిటారుని ఒళ్లో పెట్టుకుని, "ఏదీ, ఆ పెట్టెని ఒక్కసారి పలికించండి, వింటాను" అంది. మామగారు కుర్చీలోంచి కదల్లేదు. అత్తగారు టీ కప్పుల పళ్లెం పట్టుకుని మురిసిపోతోంది. కోడలు మాత్రం తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని నిలబడింది. ఎందుకలా నిలబడిందో మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి తెలుసు. ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ఆ నాలుగు ముక్కలూ చెప్పుకుని ముందుకి పోదాం.

మామగారిది ముప్పయ్యేళ్ల రేడియో రిపేరు. ఆ వీధిలో ఆయనకి రేడియో తాతయ్య అనే తప్ప వేరే పేరుందని ఎవరికీ గుర్తులేదు. దుకాణం మూసేసి ఇంటిపట్టున కూర్చున్నాక, గిటారు వాయించే కోడలి కోసం తన చేతుల్తో ఒక యాంప్లిఫయరు తయారుచేశాడు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే రకం కాదు, బల్బుల్లా వెలిగే గాజు వాల్వులతో పాతకాలంలో చేసేవాళ్లే, ఆ రకం. బాల్కనీలో బల్ల వేసుకుని, కంటికి భూతద్దం కట్టుకుని, ఎనిమిది నెలలు కూర్చున్నాడు. పాత బీరువా తలుపు కోసి దానికి ఒళ్లు చేశాడు. ఇంట్లో అందరూ దాన్ని పెట్టె అనే అంటారు.

కోడలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. పగలంతా డ్రిల్లు చప్పుడు, పేషెంట్ల మూలుగులు వింటుంది కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చి గిటారు పట్టుకుంటేగానీ మనిషి కాదు. వెనక గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య సందులో ఆవిడ రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అంటే ఏమిటనుకున్నారు? గిటారుకి ఒక కేబులు, ఆ కేబులుకి సబ్బుపెట్టెంత ఒక డబ్బా, ఆ డబ్బాకి లాప్‌టాప్. లాప్‌టాప్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేరు, అందులో ప్లగిన్ అనే ఒక మాయ. దాన్ని తెరిస్తే తెరమీద యాంప్లిఫయరు బొమ్మ ప్రత్యక్షమవుతుంది. ఇత్తడి గుండీలు, ఎర్ర దీపం, చివరికి తోలు పట్టీ కూడా ఉంటుంది. మౌస్‌తో గుండీ తిప్పితే గొంతు మారుతుంది. ఎలాంటి స్పీకరు కావాలో ఎంచుకోవచ్చు, దానిముందు మైకుని అంగుళం అటూ అంగుళం ఇటూ జరుపుకోవచ్చు. నిజానికి అక్కడ పెట్టె లేదు, మైకు లేదు. హెడ్‌ఫోన్సులో మాత్రం గోడలు అదిరిపోతాయి, కింది వాటాలో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సుకి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా వినపడదు.

ప్లగిన్ వాడటం తప్పా అంటే, ముమ్మాటికీ కాదు. ఇల్లిరుకైన ప్రతివాళ్లూ వాడుకునేదే. తప్పు వాడటంలో లేదు, చెప్పడంలో వచ్చింది. మామగారి పెట్టె వెనక గది మూలకి చేరింది. దానిమీద ఒక గుడ్డ, ఆ గుడ్డమీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు. కోడలు ఒక్కసారి కూడా అందులో గిటారు దోపి చూడలేదు. మూడు వారాలు కూర్చుని ఆ తెరమీది బొమ్మతోనే పాట పూర్తిచేసింది. చేసిన రోజు సాయంత్రం మామగారు గుమ్మం దగ్గరికొచ్చి, "ఎలా ఉందమ్మా పెట్టె?" అని అడిగాడు. ఆవిడకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ బట్టల గుట్టకేసి చూసింది. "బ్రహ్మాండంగా పలికింది మామయ్యా. పాటంతా దాంతోనే చేశాను" అంది.

అక్కడితో ఆగినా పోయేది. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి కావాలంటారు కదా. బట్టలు తీసేసి, పెట్టెకి స్విచ్చు వేసి, ఎర్ర దీపం వెలిగించి, ఎవర్నో అడిగి తెచ్చిన మైకు దానిముందు నిలబెట్టి ఫోటో తీసింది. మా మామగారు చేత్తో చేసిన పెట్టెలో పలికిన పాట అని రాసి పాటకి తగిలించింది. పాట ఫోన్లలో పాకింది. ఫోటో కూడా పాకింది. అత్తగారు ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి ముందుగదిలో గడియారం పక్కన తగిలించింది. నాలుగు నెలలు తిరిగేసరికి, నగరంలో పేరున్న వాద్యాల దుకాణం ఆవిడ, నాలుగు రోజుల ముందే ఫోన్లో చెప్పి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇలాంటివి మరో ఆరు కావాలట, తన దుకాణంలో ఆయన పేరుతోనే అమ్ముతుందట. ముందు ఒక్కసారి చెవులతో వినాలి.

ఇదీ సంగతి. ఇక ముందుగదిలోకి పదండి.

కోడలు పెట్టె తేవడానికి వెనక గదిలోకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ తనకి తనే ధైర్యం చెప్పుకుంది. పెట్టె ఎలా పలికినా ఎంతో కొంత గిటారులాగే పలుకుతుంది. తేడా వస్తే మైకు మీద తోసెయ్యచ్చు, గది మీద తోసెయ్యచ్చు. చెవులున్న ప్రతివాళ్లకీ పసిగట్టే శక్తి ఉండదు. నాలుగు రోజులుగా ఇదే పాఠం వల్లెవేస్తోంది. మొగుడు రైల్వేలో డ్యూటీకి పోతూ ఉదయం కూడా ఇదే చెప్పాడు, నిబ్బరంగా ఉండు, ఆవిడేం పోలీసా అని. చెప్పడానికేం, ఆయన సాయంత్రానికి గానీ రాడు.

పెట్టె బరువు చూసి ఆవిడకి సిగ్గేసింది. ఇంట్లోకి వచ్చిన ఇన్నాళ్లలో దాన్ని ఎత్తడం ఇది రెండోసారి. నాలుగు నెలలు వాడిన మనిషికి ఏ వైపు పట్టుకుంటే ఒరగదో తెలియాలి కదా. పెట్టె గుమ్మానికి కొట్టుకుంది. అత్తగారు జాగ్రత్త జాగ్రత్త అని పళ్లెంతో సహా పరిగెత్తుకొచ్చింది. దుకాణం ఆవిడ చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఉంది, వడ్రంగివాళ్లలా. పెట్టెని కిందపెట్టగానే వేలి ముడితో దాని పక్క చెక్కని రెండుసార్లు తట్టి, "మంచి చెక్క" అంది. మామగారు ఆ మాటకి చూపు దించుకున్నాడు.

స్విచ్చు వేశారు. ఎర్ర దీపం వెలిగింది. అత్తగారు ఫ్రేములో ఫోటోకేసి చూసి, పెట్టెకేసి చూసి, దుకాణం ఆవిడకేసి చూసింది, చూశారా అన్నట్టు. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలని మామగారు ఎప్పుడో చెప్పిన మాట కోడలికి గుర్తొచ్చి ఆగింది. ఆగాక దుకాణం ఆవిడ తీగ మీటింది.

ఏమీ లేదు. తీగ మాత్రం తనపాటికి తను సన్నగా ఒణికి ఊరుకుంది. ఆవిడ గుండీ తిప్పింది, మళ్లీ మీటింది. కేబులు మార్చారు. ప్లగ్గు పీకి ఇంకోచోట పెట్టారు. దీపం వెలుగుతూనే ఉంది, పెట్టె పెదవి విప్పదు.

అత్తగారికి ఇది అవమానంగా తోచింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు గానీ మనసు వెన్న. పెట్టెకి జ్వరం వచ్చిందేమోనని నవ్వించబోయింది, ఎవరూ నవ్వలేదు. అప్పుడు కోడలివైపు తిరిగి సాక్ష్యం అడిగింది.

"చెప్పవే అమ్మాయ్, మొన్నమొన్నటిదాకా పలికిందిగా?"

గదిలో మూడు మొహాలు కోడలివైపు తిరిగాయి. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నిజం చెప్పడానికి అంత మంచి సందు మళ్లీ దొరకదు. కానీ అలవాటైన నాలుక అడిగిన వెంటనే జారింది.

"నిన్న కూడా పలికిందత్తయ్యా. నిన్ననే వాయించాను."

మామగారు ఆ మాట విని తల ఎత్తి కోడలివైపు చూశాడు. చాలా సేపేం చూడలేదు, టీ చల్లారిందా అని కప్పులోకి చూసినంతసేపు. తరవాత లేచి, దుకాణం ఆవిడతో పది నిమిషాలు కూర్చోమని మర్యాదగా చెప్పి, పెట్టెని బాల్కనీలోకి తెమ్మని కోడలికి చెప్పాడు. అత్తగారు అతిథి పక్కన చేరి, ఆయన రిపేరు చేసిన రేడియోల చరిత్ర మొదలుపెట్టింది. ఆ చరిత్ర పది నిమిషాల్లో అయ్యేది కాదు.

బాల్కనీ తలుపు దగ్గరగా వేసి, మామగారు బల్లముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బల్లమీద సోల్డరింగ్ కడ్డీ, రంగురంగుల వైరు ముక్కలు, మూతలకి పేర్లు అతికించిన మందుసీసాల నిండా మరలు. ఈ బల్ల దగ్గర ఎనిమిది నెలలు ఆయన వంచిన వీపుని కోడలు రోజూ చూసింది. ఆయన స్క్రూడ్రైవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నువ్వే విప్పమ్మా."

ప్లగ్గు పీకేసినా, లోపలి కరెంటు చచ్చేదాకా కాసేపు ఆగమన్నాడు. ఆగారు. వెనక చెక్కకి నాలుగు మరలు. కొత్త మరలు, తలలమీద గీత కూడా పడలేదు. చెక్క ఊడి చేతిలోకి వచ్చింది. లోపల చూసి కోడలు ఒక్కక్షణం తన భయం కూడా మర్చిపోయింది. వైర్లన్నీ దువ్వి జడ వేసినట్టు వరసగా కట్టి ఉన్నాయి. ఒక్క ముడి తప్పలేదు, ఒక్క చుక్క సీసం పక్కకి పడలేదు. వాటి పైన మూడు చిన్న గాజు వాల్వులు నిలబడి ఉన్నాయి. నాలుగోది, పెద్దది, ఉండాల్సిన చోట గుండ్రటి సాకెట్టు. సాకెట్టు చిల్లులు తళతళలాడుతున్నాయి, ఏ వాల్వు కాళ్లూ వాటిని ఇంతవరకూ తాకలేదు.

"ఇక్కడ ఒకటి లేదు మామయ్యా" అంది.

"లేదు."

"ఎక్కడికి పోయింది?"

మామగారు చొక్కా జేబులోంచి దగ్గుబిళ్లల రేకు డబ్బా ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. మూత తీస్తే లోపల దూది. దూది విప్పితే కోడిగుడ్డుకన్నా కాస్త పొడుగ్గా ఒక గాజు వాల్వు.

"ఎక్కడికీ పోలేదు. పెట్టలేదు."

ఆయన మాటలు పోగుచేసుకుంటూ చెప్పిన సంగతి ఇది. వాల్వుల కాలంలో ఆయన గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఏ పెట్టె చేసినా పెద్ద వాల్వుని పీకి, దూదిలో చుట్టి, విడిగా జేబులో పెట్టుకుని పోయేవాళ్లు. ఒకటి, దారిలో కుదుపులకి పగలదు. రెండు, అది లేకపోతే దీపం వెలుగుతుంది గానీ పెట్టె పలకదు కాబట్టి, తెలియనివాళ్లు ముందే గెలికి పాడుచెయ్యలేరు. అసలు కారణం మూడోది. కొన్నవాడి ఇంట్లో, కొన్నవాడి ఎదట, చేసినవాడే ఆ వాల్వు పెట్టాలి. ఆ పెట్టె మొదటి మాట చేసినవాడు వినాలి. కూలీ ఎంతొచ్చినా ఈ ఒక్క ముక్క మాత్రం వదులుకోవద్దని గురువు చెప్పేవాడట. దానికి ఆయన పెట్టుకున్న పేరు గొంతివ్వడం.

"నీకిచ్చినప్పుడు కూడా అలాగే ఇచ్చాను. వాయించడానికి కూర్చున్న రోజున పలకడం లేదు మామయ్యా అని నువ్వే పిలుస్తావు కదా, అప్పుడొచ్చి పెడదామని. రోజూ జేబులో పెట్టుకునే తిరిగాను."

కోడలికి ఆ సాయంత్రం కళ్లముందుకొచ్చింది. గుమ్మం దగ్గర మామగారు. శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఇంట్లో ఉండే మనిషికి ఇస్త్రీ చొక్కా ఎందుకని అప్పుడు తనకి తట్టనే లేదు. చొక్కా జేబు ఎత్తుగా ఉబ్బి ఉంది. ఎలా ఉందమ్మా పెట్టె అని ఆయన అడిగినప్పుడు ఆయన చెయ్యి ఆ జేబు మీదే ఉంది.

"ఆవేళ దీన్ని పెట్టడానికే వచ్చారా?"

ఆయన తలూపాడు. "పెట్టె పలక్కుండానే పాట అయిపోతోందేమో అని, నువ్వు మొహమాటపడుతున్నావేమోనని నేనే వచ్చాను. నువ్వు బ్రహ్మాండంగా పలికిందన్నావు."

తల కొట్టేసినట్టయింది కోడలికి. దొరికిపోయిన అవమానం ఒక తీరు. ఇన్నాళ్లూ దొరికిపోయే ఉన్నానని ఇవాళ తెలియడం ఇంకో తీరు. నాలుగు నెలలు ఈయన ఎదట కూర్చుని అన్నం తింది. ఎవరో పెట్టెని మెచ్చుకుంటూ రాసిన ముక్కలు ఫోన్లోంచి ఈయనకి చదివి వినిపించింది. మీ పెట్టె గొంతులో ఏదో ఉంది మామయ్యా, అందరూ అదే అంటున్నారు అని కూడా అంది. ఆయన వింటూ కూర్చున్నాడు. జేబులో డబ్బా పెట్టుకుని విన్నాడు. ఇంతాచేసి ఇందాక, ఆయన ఎదటే, నిన్న కూడా పలికిందంది. భూమి చీలి మింగేస్తే బాగుండునని జనం ఎందుకంటారో ఆవిడకి మొదటిసారి అర్థమైంది, మూడో అంతస్తు బాల్కనీలో ఆ సౌకర్యం కూడా లేదు.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా? ఆవేళే అబద్ధం అని మొహం మీద అనుంటే సరిపోయేది."

"అనాల్సింది" అని మామగారు ఒప్పుకున్నాడు. వైరు ముక్కొకటి తీసుకుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ తరవాత ఆయన చెప్పింది కోడలు ఎదురుచూడని మాట. మొదటి వారం కోపమొచ్చిందట. రెండో వారం ఫోటో చూసి ఎవరెవరో ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారట. ముప్పయ్యేళ్లు ఇతరులు చేసిన రేడియోల్ని బాగుచేశాడే గానీ, ఆయన చేసిన వస్తువు ఇదీ అని ఎవరూ ఎప్పుడూ వేలు పెట్టి చూపించలేదు. కాదు, అది నా పెట్టె గొంతు కాదు అని ఒక్క ఫోనుకైనా చెప్పాల్సింది. చెబుదామని నోరు తెరిచేవాడు, మీరు గొప్పవారండీ అని అవతలివాళ్లు అనేవాళ్లు, నోరు మూసుకునేవాడు.

"నువ్వు ఒక్కసారి అన్నావమ్మా అబద్ధం. నేను దాని మీద నాలుగు నెలలు బతికాను. నాకూ సిగ్గుగానే ఉంది."

పెద్దాయన నోట ఆ మాట వినడం కన్నా చెంపమీద ఒకటి తినడం నయమనిపించింది కోడలికి.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు" అన్నాడాయన. "ఒక్కసారన్నా దాన్లో గిటారు పెట్టి ఎందుకు చూడలేదు?"

కింది వాటా నర్సుకి నిద్ర పాడవుతుందని ఆవిడ గొణిగింది. నర్సు ఆదివారాలు అక్కగారింటికి పోతుంది కదమ్మా, ఇవాళ కూడా లేదు కదా అన్నాడు. నిజమే. నాలుగు నెలల్లో ఆదివారాలు తక్కువేం రాలేదు. ఇక సాకులు అయిపోయాయి. మిగిలింది ఒక్క నిజమే, అది అన్ని అబద్ధాలకన్నా వికారమైనది. ఆవిడ నేలకేసి చూస్తూ చెప్పింది.

"మీ చేతులు వణుకుతాయి కదా మామయ్యా. ఏం చేసుంటారులే అనుకున్నాను. పెడితే గరగరలాడుతుంది, బాలేదని మీకెలా చెప్పాలి, దానికన్నా పెట్టకుండా ఉంటేనే మంచిదనుకున్నాను."

మామగారు తన చేతులకేసి చూసుకున్నాడు. అవి ఇప్పుడు కూడా కొద్దిగా వణుకుతున్నాయి, ఆ వైరు ముక్క చివర అదురుతోంది. ఆయన దాన్ని మెల్లగా బల్లమీద పెట్టేశాడు. కోడలు విప్పి పెట్టిన పెట్టె ఎదురుగానే ఉంది, జడ వేసినట్టున్న వైర్లతో. ఎవరి మాట తప్పో అది చూస్తే చాలు, ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"వణుకుతాయి" అన్నాడు. "సీసం పోసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాణ్ణి. అప్పుడు ఆగేవి." వాల్వుని దూదిలోంచి తీసి ఆవిడకి అందించాడు. "నువ్వే పెట్టు. గాజు పట్టుకో, నొక్కద్దు, కాళ్లు చూసుకుని నిదానంగా దింపు."

అది నా వంతు కాదు మామయ్యా, మీరే పెట్టాలి కదా అని అనబోయి కోడలు ఆగింది. గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతిని ఆయన తన చేతిలో పెడుతున్నాడో, తనకిక ఆ ముచ్చట వద్దనుకుంటున్నాడో ఆవిడకి తెలియలేదు. అడిగే మొహం కూడా లేదు. వాల్వు దింపింది. చెక్క బిగించింది. స్విచ్చు వేసింది. అరనిమిషానికి పెట్టెలోంచి సన్నగా, తేనెటీగ గదిలోకి వచ్చినట్టు ఒక మోత లేచింది. తన గిటారు తెచ్చి, కేబులు దోపి, ఒక్క తీగ మీటింది.

ఆ ధ్వని బాల్కనీ గచ్చుమీదుగా ఆవిడ పాదాల్లోకి వచ్చింది. హెడ్‌ఫోన్సు ఎన్నడూ అంత దూరం రాలేదు. బొమ్మ పెట్టె గొంతులా నున్నగా లేదు. కొంచెం గరుకుగా ఉంది, తీగ మీద వేలు ఎంత గట్టిగా పడితే అంత గట్టిగా తిరగబడింది, మెల్లగా తాకితే మెల్లగా ఒదిగింది. వెనకాల ఆ తేనెటీగ మోత పోలేదు. బాగుంది. చాలా బాగుంది. బాలేకపోతే ఇంత ఏడుపు రాకపోను. మామగారు కళ్లు మూసుకుని వింటున్నాడు. ఎనిమిది నెలల పని, నాలుగు నెలల ఆలస్యంగా, మొదటి మాట.

"బాగుంది."

అన్నది మామగారు కాదు. బాల్కనీ తలుపు తెరుచుకుని దుకాణం ఆవిడ నిలబడి ఉంది, ఆవిడ భుజం పక్కన అత్తగారు. పలికిందా పలికిందా అని అత్తగారి మొహం విప్పారింది. దుకాణం ఆవిడ మాత్రం చెవి వెనక పెన్సిలు తీసి వేళ్ల మధ్య తిప్పుతూ, ఇంకోసారి మీటమంది. కోడలు మీటింది.

"బాగుంది గానీ, ఆ పాటలో గొంతు ఇది కాదే. ఆ పాటలో తీగకీ తీగకీ మధ్య ఇలా మోత లేదు. నిశ్శబ్దంగా ఉంటుంది. నేను ఆ పాట ఓ యాభైసార్లు విన్నాను."

కోడలు నోరు తెరవబోయింది. ఆవిడకన్నా ముందు మామగారు లేచి నిలబడ్డాడు.

"ఆ పాటది వేరే పెట్టె అమ్మా. ముందు ఇంకొకటి చేశాను. అది కాలిపోయింది. ఇది రెండోది."

ముప్పయ్యేళ్ల వ్యాపారంలో కాలిన రేడియోని కాలలేదని చెప్పి ఎరగడు. బాగుకాని రేడియోకి అవుతుందని ఆశ పెట్టి ఎరగడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అత్తగారు అయోమయంగా మొగుడికేసి చూసింది, ఇంట్లో రెండో పెట్టె ఎప్పుడు పుట్టిందో ఆవిడకి తెలియదు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఈయనకి అతకడం కూడా రాదు.

దుకాణం ఆవిడ మొహం వికసించింది. అయితే మొదటి దానిలాంటివే ఆరు చేసిపెట్టమంది. అచ్చం ఆ గొంతే కావాలి, మోత ఉండకూడదు. అడిగినవాళ్లందరూ ఆ పాట వినే అడుగుతున్నారు.

"చేయగలరా?"

మామగారు కోడలివైపు చూడలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు, చేతులు కనపడకుండా.

"చేస్తాను" అన్నాడు.

లేని పెట్టెకి ఆరు నకళ్లు. కోడలు గిటారుని గోడకి ఆనించింది. వాళ్ల మధ్యలోంచి వెనక గదిలోకి పోయి, లాప్‌టాప్ రెండు చేతులతో పట్టుకొచ్చి, బల్లమీద వైరు ముక్కలు పక్కకి నెట్టి అక్కడ పెట్టింది. పాట తెరిచింది. ప్లగిన్ తెరిచింది. తెరమీద ఆ బొమ్మ వచ్చింది, ఇత్తడి గుండీలు, ఎర్ర దీపం. మామగారు వద్దమ్మా అన్నాడు, చాలా నెమ్మదిగా. కోడలు మెళ్లో వేసుకొచ్చిన హెడ్‌ఫోన్సు తీసి దుకాణం ఆవిడకి అందించింది.

పాట పలికింది. యాభైసార్లు విన్న ఆ గొంతుకి దుకాణం ఆవిడ తల ఊగింది. అప్పుడు కోడలు తెరమీద ప్లగిన్‌ని ఆపేసే చిన్న గుండీ నొక్కింది. బొమ్మలో దీపం ఆరిపోయింది. ఇక దుకాణం ఆవిడ చెవుల్లో మిగిలింది పెట్టె ఏదీ లేని ఒట్టి గిటారు, రేకు మీద గోరు గీకినట్టు సన్నగా, బక్కచిక్కి. కోడలు మళ్లీ నొక్కింది, గొంతు వచ్చింది. నొక్కింది, పోయింది.

"నేను వాయించింది ఇదండీ" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మిగతాదంతా ఈ బొమ్మ. మామయ్య పెట్టె ఆ పాటలో ఒక్క ముక్క కూడా పలకలేదు. ఏ పెట్టే కాలిపోలేదు. అది ఇవాళే, ఇప్పుడే, మీరు విన్నప్పుడే మొదటిసారి పలికింది. ఫోటో నేను తీసిందే. ఆయన్ని అబద్ధం ఆడించింది కూడా నేనే."

నోట్లో నువ్వుగింజ నానని అత్తగారు ముందుగదిలోకి నడిచి, గోడ దగ్గరికెళ్లి, గడియారం పక్కనున్న ఫ్రేము తీసి బోర్లించి సోఫాలో పెట్టింది. ఆ చప్పుడు బాల్కనీలోకి వినిపించింది.

దుకాణం ఆవిడ హెడ్‌ఫోన్సు తీసింది. తెరమీది బొమ్మని చూసింది, నేలమీది పెట్టెని చూసింది, తలొంచుకున్న పెద్దాయన్ని చూసింది. తిడుతుందని కోడలు కాచుకుని ఉంది. తిట్టించుకోవడానికి సిద్ధంగా, ఒకరకంగా ఆశగా నిలబడింది. దుకాణం ఆవిడ వెనక్కి తిరిగి బాల్కనీ తలుపు జాగ్రత్తగా మూసింది. పెన్సిలు మళ్లీ చెవి వెనక పెట్టుకుంది.

"ఈ సంగతి ఈ ఇల్లు దాటిందా?" అని అడిగింది, గొంతు తగ్గించి.

ఆ అడగడంలో కోపం లేదు, ఆరు పెట్టెల బేరం ఇంకా ఉంది. కోపం ఉంటే ఎంత బాగుండేదో కోడలికి అప్పుడే అర్థమైంది.